రెండు గొట్టాలు

సెలీమ్ కనుమ ఎక్కుతుండగా ముల్లు లేచింది.
లేవడం నేను చూడలేదు. చూసేసరికే
ఎర్రగీత మీద ఆనుకుని ఉంది,
బడికి ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డ పిల్లాడిలా.

కారు కొని పదకొండు రోజులు.
ఆకాశం రంగు నీవా, నాకంటే రెండేళ్లు పెద్దది.
అమ్మినాయన దాని గురించి చెప్పింది ఒక్కటే:
"మొండిది, కానీ మంచిది."
మా ల్యాబ్‌లో నా గురించీ అంతే అంటారట.

యెఘెగ్నాజోర్‌లో నేను కట్టుడు పళ్లు చేస్తాను.
మైనం ఎప్పుడు లొంగుతుందో, ప్లాస్టరు ఎప్పుడు బిగుస్తుందో
వేలికొసలతో చెప్పగలను.
బానెట్ ఎక్కడ లాగితే తెరుచుకుంటుందో మాత్రం
ఆవిరిలో తడుముకుంటూ నేర్చుకున్నాను.

పుచ్చకాయల లారీ ఆగింది.
"హెడ్ గాస్కెట్ పోయింది," అన్నాడు, కిందికి దిగకుండానే.
మోటారు సైకిలు కుర్రాళ్లలో ఒకడు నీళ్ల పంపు అన్నాడు,
ఒకడు ఫ్యాన్ బెల్టు అన్నాడు,
వాదించుకుంటూ మలుపు తిరిగిపోయారు.
ఒక పెద్దమనిషి అద్దం దించి
"అన్నదమ్ములు లేరా?" అని అడిగాడు.
అది ఇంజన్లో ఏ భాగమో నాకు తెలియలేదు.

నా దగ్గర సీసాడు నీళ్లున్నాయి.
చున్నీ చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను.

"తియ్ చెయ్యి!"

వాలులో కొండవాము కోసుకుంటున్న ముసలామె.
పేరు హైకనూష్. సామూహిక క్షేత్రంలో
ఇరవై రెండేళ్లు ట్రాక్టరు తోలిందట.
మోచెయ్యి నుంచి మణికట్టు దాకా
నున్నగా మెరిసే చర్మం చూపించింది.
"కోపంలో ఉన్న మనిషినీ, మరుగుతున్న రేడియేటర్‌నీ
నోరు తెరవమని అడక్కూడదు."

రాళ్ల మీద కూర్చున్నాం, గంట పైగా.
ఇంజను టిక్కుటిక్కుమంటూ చల్లారుతోంది.
ఆమె డాక్టరులా అడుగుతూ పోయింది:
ఎక్కేటప్పుడేనా, చదునులో కూడానా?
బండి కింద తడి మరక చూశావా?
పొద్దున్నే పొగ తెల్లగా వస్తుందా?
నూనె పుల్ల లాగి చూడు, మజ్జిగలా ఉందా?

లాగాను. మజ్జిగ కాదు. నల్లటి తేనె.
"అయితే ఆ లారీవాడి మాట మర్చిపో."

మూత ఇప్పుడు చేతికి చల్లగా తగిలింది.
తీసి నీళ్లు పోశాం, రెండు గ్లాసులే పట్టాయి.
ఇంజను వేసి కాసేపు వేడెక్కనిచ్చింది.
"జడ వెనక్కి వేసుకో, ఫ్యాన్ పక్కనే ఉంది.
ఇవి రెండూ ముట్టుకో."

పై గొట్టం అట్లపెనంలా కాలింది.
కింది గొట్టం సెలయేట్లో రాయి.
నా బల్ల మీద పై దవడ, కింది దవడ లాగా
కలవవలసినవి, కలవడం లేదు.
నీళ్లు ఇవతలికి రావడమే లేదు,
మధ్యలో ఏదో తలుపు మూసుకుపోయింది.
ఆమె చెప్పలేదు. నా వేళ్లే చెప్పాయి.
"థర్మోస్టాట్," అంది తర్వాత, పేరు పరిచయం చేస్తున్నట్టు.
స్పానర్‌తో దాన్ని రెండుసార్లు తట్టి చూసింది. పలకలేదు.

"హీటరు పూర్తిగా తిప్పు."
"ఆగస్టులోనా?"
"బండి వేడి నువ్వు కొంచెం పుచ్చుకోవాలి.
ఇంకెవరు పుచ్చుకుంటారు?"

కిటికీలన్నీ దించి, అవతలి వాలు మెల్లగా దిగాం.
కాళ్ల మీద పొయ్యి. చెమట కళ్లలోకి.
ఆమె ఒళ్లో వాము మూట వేడెక్కి
కారంతా టీ వాసన.
ముల్లు వేలెడంత దిగింది, మళ్లీ వేలెడంత.
సెవాన్ సరస్సు కనబడేసరికి
ఇద్దరం ఉడికిన దుంపల్లా ఉన్నాం,
ఇంజను మాత్రం కులాసాగా ఉంది.

మార్తునీలో మెకానిక్ యెర్వాండ్
పాతదాన్ని విప్పి, కొత్తదాంతో కలిపి
భార్య జామ్ గిన్నెలో ఉడకబెట్టాడు.
నీళ్లు తెర్లుతుండగా కొత్తది నెమ్మదిగా నోరు విప్పింది.
పాతది బిగించుకునే ఉంది.
"చూశావుగా," అన్నాడు.
హైకనూష్ చూడలేదు. గుమ్మంలో నిలబడి
వాము ధర బేరమాడుతోంది, యెర్వాండ్ భార్యతో.

డిసెంబరులో మొదటిసారి హీటరు వేసినప్పుడు
సందుల్లోంచి ఎండిన ఆకులు నాలుగు
నా ఒళ్లో పడ్డాయి.